వాన సూచన ఎంత దూరం తప్పింది? మ్యాపు మీద సరిచూడటం ఎలా

2024 ఆగస్టు 31 అర్ధరాత్రి వేళ వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజుల కుండపోత మాత్రం అక్కడికి నైరుతిగా దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో, విజయవాడ, ఖమ్మం చుట్టుపక్కల పడింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదికి వచ్చింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద చేరింది.

అలాంటి రోజు గడిచాక అందరూ అడిగేది ఒకటే: ముందే చెప్పారా, లేదా? ఈ ప్రశ్నకు అవుననో కాదనో జవాబిస్తే సరిపోదు. వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ఒక మోడల్ 20 సెంటీమీటర్ల వాన చూపించి, దాన్ని 60 కిలోమీటర్లు పక్కకు పెట్టిందనుకుందాం. కృష్ణా వరద లెక్కగట్టే ఇంజినీరుకు ఆ సూచన చాలావరకు పనికొస్తుంది, ఎందుకంటే నీళ్లు ఎటు తిరిగినా అదే నదిలోకి వస్తాయి. బుడమేరు లాంటి చిన్న వాగు గట్టు కాసేవాళ్లకు అదే సూచన పనికిరాదు. మైలవరం వైపు కొండల మీద పడాల్సిన వాన 60 కిలోమీటర్లు జరిగితే అది వేరే వాగు నీరు అయిపోతుంది.

కాబట్టి "సూచన నిజమైందా" అని కాకుండా "ఎంత దూరం వరకు ఈ సూచనను నమ్మవచ్చు" అని అడగాలి. దానికి కిలోమీటర్లలో జవాబు రాబట్టే పద్ధతులు పాతికేళ్లుగా తయారవుతూ వచ్చాయి. పైథాన్ కొద్దిగా తెలిసి, ఒక మామూలు ల్యాప్‌టాప్ ఉంటే వాటిని మీరే నడపవచ్చు.

ముందు ఎవరి కోసమో తేల్చుకోండి

డేటా దింపకముందే ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: ఈ సూచనను వాడేది ఎవరు, వాళ్లకు ఎన్ని మిల్లీమీటర్ల వాన ముఖ్యం, ఎన్ని కిలోమీటర్ల తేడాను వాళ్లు తట్టుకోగలరు. జిల్లా కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కు జిల్లా స్థాయిలో సరిగ్గా ఉంటే చాలు, అంటే 50 నుంచి 100 కిలోమీటర్లు. మిర్చి ఆరబోసిన రైతుకు తన మండలం కావాలి. రిజర్వాయరు గేట్ల నిర్ణయం తీసుకునేవారికి పరీవాహక ప్రాంతం మొత్తం మీద పడే నీటి పరిమాణం ముఖ్యం, అందులో ఏ మూల ఎక్కువ పడిందన్నది రెండో సంగతి.

ఈ కాగితం లేకుండా మొదలుపెడితే చివర్లో ఓ పది స్కోర్లు చేతికొస్తాయి, వాటిలో ఏది చూడాలో తెలియదు. నా దృష్టిలో ఈ పనిలో ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే, అసలైన మెట్టు కూడా ఇదే.

పాత లెక్క ఎక్కడ దెబ్బతింటుంది

మామూలు పద్ధతిలో మ్యాపును గడులుగా విడగొట్టి ప్రతి గడికీ నాలుగింట్లో ఒకటి రాస్తారు. చెప్పారు, పడింది: హిట్. చెప్పలేదు, పడింది: మిస్. చెప్పారు, పడలేదు: ఫాల్స్ అలారం. చెప్పలేదు, పడలేదు: అదీ సరైనదే. వీటి నుంచి పడిన వానల్లో ఎన్నింటిని పట్టుకున్నారో, చెప్పినవాటిలో ఎన్ని ఉత్తివో లెక్క తీస్తారు. హిట్లను, హిట్లు మిస్‌లు ఫాల్స్ అలారాల మొత్తంతో భాగిస్తే వచ్చేదాన్ని క్రిటికల్ సక్సెస్ ఇండెక్స్ అంటారు, పొట్టిగా సీఎస్ఐ.

"నూటికి ఎన్ని ఒప్పు" అనే లెక్క జోలికి మాత్రం పోకండి. 1884లో అమెరికాలో జాన్ ఫిన్లీ టోర్నడో సూచనలు చేసి, 2803 సూచనల్లో 96.6 శాతం ఒప్పని చూపించాడు. అసలు టోర్నడో ఎప్పుడూ రాదని చెబుతూ కూర్చున్నా 98.2 శాతం ఒప్పు వచ్చేదని వెంటనే తేలింది. అరుదైన సంగతుల విషయంలో ఆ శాతం ఏమీ చెప్పదు. అనంతపురంలో అతి భారీ వాన సూచనకూ ఇదే వర్తిస్తుంది.

సీఎస్ఐ అంతకన్నా నయమే, కానీ వాన కాస్త జరిగితే అది కుప్పకూలుతుంది. మోడల్ వానను రెండు గడులు తూర్పుకు పెట్టిందంటే, పడిన చోట మిస్, చూపించిన చోట ఫాల్స్ అలారం. ఒకే తప్పుకు రెండు శిక్షలు. అసలు వానే చూపించని మోడల్‌కు ఒక్క శిక్షే పడుతుంది. గడులు చిన్నవయ్యే కొద్దీ ఈ అన్యాయం పెరుగుతుంది. 4 కిలోమీటర్ల మోడల్ మేఘాల గుంపును ఉన్నదున్నట్టు చూపించినా, 25 కిలోమీటర్ల మోడల్ పరిచే మసక వాన ముందు స్కోరులో ఓడిపోవచ్చు. మ్యాపు చూసిన ఏ ఫోర్కాస్టరయినా మొదటిదే మేలంటాడు. ఆ కంటి తీర్పును అంకెల్లోకి తేవడమే ఇక్కడ మన పని.

డేటా: ఎక్కువ తప్పులు ఇక్కడే

మనకు రెండు మ్యాపులు కావాలి, పడిన వానది ఒకటి, సూచించిన వానది ఒకటి.

పడిన వానకు దొరికే వనరుల్లో మొదటిది భారత వాతావరణ శాఖ, అంటే ఐఎండీ, గ్రిడ్ డేటా. రెయిన్ గేజ్‌ల (వాన కొలిచే పరికరాల) రీడింగులతో కట్టిన రోజువారీ మ్యాపు ఇది, 0.25 డిగ్రీల గడులు, అంటే మన దగ్గర సుమారు 27 కిలోమీటర్లు. అడ్డంగా 135, నిలువుగా 129 గడులు ఉంటాయి. ఇందులో సముద్రం ఉండదు, ఖాళీ గడుల్లో మైనస్ 999 ఉంటుంది. దాన్ని తీసేయడం మరిచిపోతే సగటు వాన మైనస్‌లోకి వెళ్తుంది. రెండోది నాసా వారి ఐమెర్జ్, ఉపగ్రహాల ఆధారంగా అరగంటకొకసారి, 0.1 డిగ్రీల గడుల్లో. సముద్రం మీదా ఉంటుంది. మూడోది, గేజ్‌లనూ ఉపగ్రహాన్నీ కలిపి ఐఎండీ, నోయిడాలోని వాతావరణ సూచన కేంద్రం ఎన్‌సీఎమ్‌ఆర్‌డబ్ల్యూఎఫ్ తయారుచేసే రోజువారీ మ్యాపు. తెలంగాణలో డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ నడిపే ఆటోమేటిక్ స్టేషన్లు వెయ్యికి పైగా ఉన్నాయి. అంత దట్టమైన నెట్‌వర్క్ చేతిలో ఉంటే మీరే గ్రిడ్ కట్టుకోవచ్చు.

సూచనకు అమెరికా మోడల్ జీఎఫ్‌ఎస్, యూరప్ వాతావరణ కేంద్రం ఈసీఎమ్‌డబ్ల్యూఎఫ్ ఓపెన్ డేటా, రెండూ 0.25 డిగ్రీల్లో ఉచితంగా దొరుకుతాయి. మొదటి ప్రయత్నానికి ఇవి చాలు.

ఇప్పుడు గడియారం సంగతి, ఇక్కడ నిదానంగా చూడండి. మన దేశంలో వాన రోజు ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 వరకు. మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో చెబితే 03 నుంచి 03. ఐఎండీ గ్రిడ్‌లో తేదీ ముగిసిన ఉదయానిది. అంటే ఆగస్టు 31 పగలూ రాత్రీ పడిన వాన సెప్టెంబర్ 1 పేరు మీద ఉంటుంది. ఐమెర్జ్ రోజువారీ ఫైలు మాత్రం యూటీసీ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి, మన లెక్కలో తెల్లవారుజాము 5:30 నుంచి 5:30కి. ఈ రెంటినీ తేదీ చూసి జత చేస్తే సూచన తప్పు కాకపోయినా తప్పుగా కనిపిస్తుంది. ఐమెర్జ్ వాడేటప్పుడు 03 యూటీసీ నుంచి మొదలయ్యే 48 అరగంట ఫైళ్లను తీసుకోండి. వాటిలోని విలువ గంటకు మిల్లీమీటర్లు, కాబట్టి కలిపిన మొత్తాన్ని రెండుతో భాగించాలి.

మోడల్ వైపు, 00 యూటీసీ రన్, అంటే ఆ గంట నుంచి మొదలుపెట్టి మోడల్ కట్టిన లెక్క, తీసుకుంటే 3వ గంట నుంచి 27వ గంట వరకు పడేది మన మొదటి రోజు వాన. ఈసీఎమ్‌డబ్ల్యూఎఫ్‌లో మొత్తం వర్షపాతం రన్ మొదలైనప్పటి నుంచి కూడుతూ పోతుంది, అదీ మీటర్లలో. 27వ గంట విలువ నుంచి 3వ గంట విలువ తీసేసి 1000తో గుణించండి. జీఎఫ్‌ఎస్‌లో వాన రెండు రకాలుగా ఉంటుంది: మొదటి నుంచి కూడినది ఒకటి, ఆరు గంటలకోసారి సున్నా చేసి మళ్లీ కూడేది మరొకటి. ఏది చదువుతున్నారో ఫైలులో చూసుకోకుండా తీసివేత చేస్తే మైనస్ వానలు వస్తాయి. మైనస్ విలువ ఒక్కటి కనబడినా అక్కడే ఆగి వెతకండి.

ఇదంతా అయ్యాక రెండు మ్యాపులూ పక్కపక్కన, ఒకే రంగుల పట్టీతో గీయండి. జిల్లా సరిహద్దులు వేయండి. కంటికి కనిపించేదేమిటో నాలుగు వాక్యాలు రాయండి. తర్వాత వచ్చే స్కోర్లు ఈ నాలుగు వాక్యాలతో పొసగకపోతే, ముందు అనుమానించాల్సింది మీ కోడ్‌ను.

ఒకే గ్రిడ్ మీదికి తేవడం

రెండు మ్యాపుల గడులు వేరు వేరుగా ఉంటే, వాటిలో పెద్ద గడులు ఉన్నదానికే రెండోదాన్ని మార్చండి. పైకి చిన్న గడులుగా పొడిగిస్తే లేని వివరం వచ్చినట్టు కనిపిస్తుంది, రాదు. మార్చేటప్పుడు నీటి మొత్తం మారకుండా చూసే పద్ధతి వాడాలి, కన్జర్వేటివ్ రీగ్రిడింగ్ అంటారు, ఎక్స్‌ఈఎస్‌ఎమ్‌ఎఫ్ ప్యాకేజీలో ఉంది. ఉష్ణోగ్రతకు వాడే బైలీనియర్ పద్ధతి వాన శిఖరాలను కోసేస్తుంది.

గేజ్ వేరు, గడి వేరు అన్నదీ గుర్తుంచుకోవాలి. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది, రాష్ట్ర రికార్డు. 27 కిలోమీటర్ల గడి అంతటా సగటున అంత వాన పడిందని కాదు. అలాంటి ఒక్క గేజ్‌ను మోడల్ గడి విలువతో పోల్చి "మూడో వంతే చెప్పింది" అనడం న్యాయం కాదు.

ఎంత వానను "వాన" అనాలి

ఐఎండీ వర్గాలు అందరికీ తెలిసినవే, వాటితోనే మొదలుపెట్టండి: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. బులెటిన్లు, రంగుల హెచ్చరికలు చదివేవాళ్లకు ఈ గీతలే అర్థమవుతాయి.

మోడల్‌కు మొత్తంగా తక్కువ వాన చూపించే అలవాటు ఉంటే, 115.6 గీత దగ్గర అది ఎప్పుడూ ఓడుతుంది. ఓడింది చోటు తప్పినందుకా, మోతాదు తప్పినందుకా తెలియదు. దీన్ని విడదీయడానికి రెండో గీత కూడా వాడండి: ప్రతి మ్యాపులో అన్నింటికన్నా తడిసిన 5 శాతం గడులు, అంటే ఆ మ్యాపుకు 95వ పర్సంటైల్. అప్పుడు రెండు మ్యాపుల్లోనూ అన్నే గడులు ఉంటాయి, మిగిలేది చోటు తేడా ఒక్కటే. ప్రాంతంలో 5 శాతం కన్నా తక్కువ చోట్ల మాత్రమే వాన పడిన రోజున ఈ గీత సున్నా దగ్గర ఆగుతుందని మరవకండి, ఆ రోజులకు ఇది పనిచేయదు.

ఎఫ్‌ఎస్‌ఎస్: కిలోమీటర్లలో జవాబు

ఇక అసలు పరికరం. బ్రిటన్ వాతావరణ శాఖలో పనిచేసిన నైజల్ రాబర్ట్స్, హంఫ్రీ లీన్ 2008లో ప్రచురించిన ఫ్రాక్షన్స్ స్కిల్ స్కోర్, పొట్టిగా ఎఫ్‌ఎస్‌ఎస్. ఒక్క పద్ధతే నేర్చుకునే తీరిక ఉంటే దీన్నే నేర్చుకోండి.

ఆలోచన చాలా మామూలుది. ఈ గడిలో వాన పడిందా అని కాకుండా, ఈ గడి చుట్టూ ఇంత పరిధిలో ఎన్నో వంతు గడుల్లో పడిందని అడుగుతాం. సూచనలోనూ అదే అడుగుతాం. రెండు వంతులూ పోలుస్తాం. పరిధిని పెంచుకుంటూ పోయి, ఎక్కడ సూచన పనికొచ్చే స్థాయికి చేరుతుందో చూస్తాం.

కాగితం మీద ఒకసారి చేసి చూడండి, ఆ తర్వాత కోడ్ దానంతటదే అర్థమవుతుంది. ఊహించుకున్న ఉదాహరణే: ఒకే వరుసలో 12 గడులు, ఒక్కోటి 10 కిలోమీటర్లు. భారీ వాన పడింది 4, 5 గడుల్లో. మోడల్ చూపించింది 6, 7లో. అంటే సరిగ్గా 20 కిలోమీటర్లు జరిగింది.

పరిధి ఒక గడి అయితే పాత లెక్కే. హిట్లు సున్నా, మిస్‌లు రెండు, ఫాల్స్ అలారాలు రెండు. సీఎస్ఐ సున్నా, ఎఫ్‌ఎస్‌ఎస్ కూడా సున్నా.

పరిధి మూడు గడులు చేయండి, ప్రతి గడికీ అటొకటి ఇటొకటి కలుపుకుని. పడిన వానకు 3, 4, 5, 6 గడుల దగ్గర లెక్కలు 1, 2, 2, 1 వస్తాయి. సూచనకు అవే లెక్కలు 5, 6, 7, 8 దగ్గర. అసలైతే ప్రతి లెక్కనూ మూడుతో భాగించి వంతు చేయాలి, కానీ పైనా కిందా అదే భాగహారం కాబట్టి కొట్టేసుకుంటుంది. గడి గడికీ తేడా తీసి వర్గం చేసి కూడండి: 1, 4, 1, 1, 4, 1, మొత్తం 12. ఇది లవం. హారానికి రెండు వరుసల వర్గాలనూ విడివిడిగా కూడండి: 10, 10, మొత్తం 20. ఒకటి లోంచి 12/20 తీసేస్తే 0.40.

పరిధి ఐదు గడులకు లవం మళ్లీ 12, హారం 36. స్కోరు 0.67. ఏడు గడులకు లవం 12, హారం 52, స్కోరు 0.77.

ఎంత వస్తే చాలు? వానను చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా చల్లితే వచ్చే స్కోరు, ప్రాంతంలో వాన పడిన వంతుకు సమానం. పరిపూర్ణ సూచనకు ఒకటి. ఈ రెంటికీ నడిమధ్యను గీతగా పెట్టుకున్నారు: 0.5కు వాన వంతులో సగం కలపాలి. మన ఉదాహరణలో 12లో రెండు గడులు తడిశాయి, వంతు 0.167, గీత 0.58. మూడు గడుల దగ్గర 0.40, ఐదు గడుల దగ్గర 0.67. కాబట్టి ఈ సూచన సుమారు 50 కిలోమీటర్ల పరిధి నుంచి పనికొస్తుంది. 20 కిలోమీటర్లు జరిగిన వానకు రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ పరిధి కావాల్సి వచ్చింది. నిజమైన మ్యాపుల్లోనూ, మోతాదు దాదాపు సరిగ్గా ఉన్నప్పుడు, పనికొచ్చే పరిధి జరిగిన దూరానికి రెట్టింపు దగ్గర్లో ఉంటుంది.

ఇప్పుడు ఇంకో రెండు సూచనలు అదే వరుస మీద పెట్టి చూడండి. అసలు వానే లేదన్న సూచనకు ఏ పరిధిలోనైనా స్కోరు సున్నా, ఎందుకంటే లవమూ హారమూ ఎప్పుడూ ఒకటే. వానను 10, 11 గడుల్లో చూపించిన సూచనకు ఐదు గడుల పరిధిలో కూడా సున్నా, ఏడు గడుల దగ్గర గాని అది సున్నా దాటదు. గడికి గడి చూసినప్పుడు ఈ మూడు సూచనలకూ సీఎస్ఐ సున్నాయే. పరిధి పెంచేసరికి 20 కిలోమీటర్లు తప్పినదాన్నీ, 60 కిలోమీటర్లు తప్పినదాన్నీ, అసలు చెప్పనిదాన్నీ వేరు చేయగలిగాం.

కోడ్‌లో చేయాల్సింది ఇంతే. రెండు మ్యాపులనూ గీత దాటితే ఒకటి, లేకపోతే సున్నాగా మార్చండి. పైథాన్ ప్యాకేజీ సైపైలోని యూనిఫాం ఫిల్టర్‌తో 3, 5, 7, 9 ఇలా బేసి సంఖ్యల చదరాల్లో సగటు తీయండి. తేడాల వర్గాల మొత్తాన్ని వర్గాల మొత్తంతో భాగించి ఒకటి లోంచి తీయండి. మీరు రాసిన ఫంక్షన్‌కు పైన 12 గడుల ఉదాహరణ ఇవ్వండి, 0.40, 0.67, 0.77 వస్తేనే ముందుకు వెళ్లండి. అంచుల అవతల సున్నాలు ఉన్నట్టు తీసుకోమని ఫిల్టర్‌కు చెప్పాలి, లేకపోతే అది అంచు విలువలను అద్దంలోలా తిప్పి వాడుతుంది. సొంతంగా రాయడం ఇష్టం లేకపోతే పైస్టెప్స్‌లోనూ, ఆస్ట్రేలియా వాతావరణ శాఖవారి స్కోర్స్ ప్యాకేజీలోనూ సిద్ధంగా ఉంది. అప్పుడూ ఈ చిన్న పరీక్ష చేయండి.

మన తీరానికి సంబంధించిన ఒక చిక్కు ఉంది. ఐఎండీ గ్రిడ్ తీరం దగ్గర ఆగిపోతుంది, మోడల్ వాన సముద్రం మీదికి సాగుతుంది. మచిలీపట్నం దగ్గర చదరంలో సగం ఖాళీ. రెండు మ్యాపుల్లోనూ సముద్రాన్ని తీసేసి, ప్రతి చదరంలో మిగిలిన నేల గడుల సంఖ్యతోనే భాగించండి. అందుకు నేలకు ఒకటి, సముద్రానికి సున్నా ఉన్న మ్యాపును కూడా అదే ఫిల్టర్‌లో పెట్టి, వచ్చినదానితో భాగిస్తే సరి. ఇలా చేసినా, వాయుగుండం వాన ప్రధానంగా సముద్రంలోనే పడిన రోజుకు గేజ్ మ్యాపుతో తీర్పు చెప్పకండి, ఐమెర్జ్‌కు మారండి.

ఏ రకం తప్పు? మోతాదా, చోటా, ఆకారమా

ఎఫ్‌ఎస్‌ఎస్ ఎంత పరిధిలో నమ్మవచ్చో చెబుతుంది. ఎందుకు తప్పిందో చెప్పదు. ముఖ్యమైన రోజుల మీద రెండో రకం పద్ధతి ప్రయోగించండి. వానను గడుల సమూహంగా కాక ఒక వస్తువుగా, ఒక ముద్దగా చూసే పద్ధతులివి.

నాకు బాగా నచ్చేది ఆస్ట్రేలియాలో బెత్ ఎబర్ట్, జాన్ మెక్‌బ్రైడ్ 2000లో ఇచ్చిన సీఆర్‌ఏ (కంటిగ్యుయస్ రెయిన్ ఏరియా). సూచించిన వాన ముద్దను మ్యాపు మీద అటూ ఇటూ జరిపి, పడిన వానతో బాగా అతుక్కునే చోటు వెతుకుతారు. ఎంత జరపాల్సి వచ్చిందో అదే చోటు తప్పు. లెక్క ఇలా: జరపకముందు తప్పుల వర్గాల సగటు 900 అనుకోండి. జరిపాక 400. తగ్గిన 500 చోటు వల్ల వచ్చిన తప్పు. జరిపాక రెండు ముద్దల సగటు వానల మధ్య తేడా 8 మిల్లీమీటర్లు, దాని వర్గం 64, ఇది మోతాదు తప్పు. మిగిలిన 336 ఆకారం తప్పు. శాతాల్లో 56, 7, 37. ఈ ఊహా ఉదాహరణలో మోడల్ నీటి మొత్తాన్ని బాగానే పట్టుకుంది, వాన బాటను తప్పుగా గీసింది. ఫోర్కాస్టర్‌కు ఇది నేరుగా పనికొచ్చే సమాచారం: ఇలాంటి వాయుగుండాలకు ఈ మోడల్ ఎప్పుడూ వానను ఉత్తరానికి పెడుతోందని పదిసార్లు తేలితే, పదకొండోసారి ఆయన మనసులోనే దాన్ని దక్షిణానికి జరుపుకుంటాడు. నోయిడాలోని ఎన్‌సీఎమ్‌ఆర్‌డబ్ల్యూఎఫ్ శాస్త్రవేత్తలు రుతుపవన వానల మీద ఈ పద్ధతిని వాడారు.

జరిపే దూరానికి హద్దు పెట్టడం మరవకండి. హద్దు లేకపోతే ప్రోగ్రాం విజయనగరం వానను తీసుకెళ్లి నెల్లూరు వానకు అతికించేస్తుంది, అవి రెండూ వేర్వేరు మేఘాలవని దానికి తెలియదు.

రెండోది శాల్. హైని వెర్న్లీ బృందం 2008లో ఇచ్చింది, ఒక నదీ పరీవాహకం లాంటి పరిమిత ప్రాంతానికి సరిపోతుంది. ఒక రోజుకు మూడు అంకెలు ఇస్తుంది. మోతాదు అంకె మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు: సున్నా అయితే సరిగ్గా ఉంది, ప్లస్ 0.67 అంటే రెట్టింపు వాన చూపించింది, మైనస్ 0.67 అంటే సగమే. ఆకారం అంకె కూడా అదే కొలతలో ఉంటుంది: ప్లస్ అయితే వానను పల్చగా వెడల్పుగా పరిచింది, మైనస్ అయితే చిన్న ముద్దలుగా గుచ్చి పెట్టింది. చోటు అంకె సున్నా నుంచి 2 వరకు. పెద్ద గడుల మోడళ్లకు ఉరుముల వానల రోజున ఆకారం ప్లస్ వైపు రావడం మామూలు. ఇందులో ముద్దకు ముద్దను జత చేయాల్సిన పని లేదు, అదే దీని సుఖం. వాన గుంపు మధ్యబిందువు చుట్టూ గుండ్రంగా తిరిగిపోయినా చోటు అంకె పసిగట్టలేదు, అది దీని లోపం.

మూడోది అమెరికా వాతావరణ పరిశోధన కేంద్రం ఎన్‌సీఏఆర్ వారి మోడ్. ముద్దలను ముందు కాస్త నున్నచేసి, గీత పెట్టి కోసి, దూరం, వైశాల్యం, వంపు చూసి జతలు కడుతుంది. శక్తిమంతమైనదే, కానీ మీటలు చాలా. నున్నచేసే వ్యాసార్థం మారిస్తే ముద్దల సంఖ్యే మారిపోతుంది. మొదటి రెండూ చేతికి అలవాటయ్యాక వెళ్లండి.

ఒక్క రోజుతో తీర్పు చెప్పకండి

ఒక్క తుపాను మీద వచ్చిన స్కోరు ఆ తుపానుదే. మోడల్ గురించి మాట్లాడాలంటే కనీసం ఒక రుతుపవన కాలం, జూన్ నుంచి సెప్టెంబర్, కావాలి. మన కోస్తాకు అక్టోబర్ నుంచి డిసెంబర్ విడిగా కావాలి. ఆ వానల స్వభావం వేరు, తీరం దాటే తుపానులు అప్పుడే ఎక్కువ.

రోజుల స్కోర్లను కూడి సగటు తీయకండి. ఎక్కడా భారీ వాన లేని రోజున ఎఫ్‌ఎస్‌ఎస్ సున్నాను సున్నాతో భాగించినట్టు అవుతుంది, ఒకే ఒక్క గడి తడిసిన రోజు స్కోరుకు తుపాను రోజంత బరువు వస్తుంది. రోజూ లవాన్నీ హారాన్నీ విడిగా దాచి, కాలం చివర్లో లవాలన్నీ కూడి, హారాలన్నీ కూడి, ఒక్కసారే భాగించండి.

రెండు మోడళ్లను పోలుస్తుంటే, 0.62, 0.65 అని చూసి గెలుపు ప్రకటించేముందు బూట్‌స్ట్రాప్ చేయండి. రోజులను మళ్లీ మళ్లీ యాదృచ్ఛికంగా ఎంచుకుని తేడా ఎంత ఊగుతుందో చూడటమన్నమాట. ఒక వాయుగుండం మూడు నాలుగు రోజులు ఉంటుంది, ఆ రోజులు ఒకదానితో ఒకటి ముడిపడినవే, కాబట్టి విడి రోజులు కాక వారం చొప్పున గుత్తులుగా ఎంచుకోవాలి. వెయ్యిసార్లు ఎంచినప్పుడు తేడా గుర్తు అటూ ఇటూ మారుతూ ఉంటే ఎవరూ గెలవనట్టే.

ఒక సోమరి సూచనను కూడా పోటీలో పెట్టండి: నిన్న పడిన వానే ఈ రోజూ పడుతుందన్నది. ఖర్చు లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. మీ మోడల్ మూడో రోజు సూచన దీన్ని ఏ పరిధిలో దాటుతుందో చూస్తే మోడల్ విలువ తెలుస్తుంది.

పడిన వాన మ్యాపే తప్పయితే? ఆ ప్రశ్నను చివరి వరకు వదలకండి. లెక్క మొత్తం ఒకసారి ఐఎండీ గ్రిడ్‌తో, ఒకసారి ఐమెర్జ్‌తో నడపండి. పడమటి కనుమల లాంటి కొండల మీద ఉపగ్రహం వానను తక్కువగా చూడటం తెలిసిన విషయమే. ఇంకా మంచిది, ఐమెర్జ్‌నే సూచన అనుకుని ఐఎండీ గ్రిడ్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్ కట్టండి. అది 60 కిలోమీటర్ల దగ్గర గాని గీత దాటకపోతే, మోడల్‌ను 30 కిలోమీటర్ల దగ్గర నిలదీసే హక్కు మీ డేటాకు లేదు.

ఫలితం రాయడం

ఒక పటం చాలు: అడ్డంగా పరిధి కిలోమీటర్లలో, నిలువుగా ఎఫ్‌ఎస్‌ఎస్, ఒకటో రోజు, రెండో రోజు, మూడో రోజు సూచనలకు తలా ఒక గీత, పనికొచ్చే స్థాయికి ఒక చుక్కల గీత. ఆ చుక్కల గీతను ఏ రోజు గీత ఎక్కడ దాటిందో కింద మాటల్లో రాయండి. "స్కోరు 0.61" అని రాస్తే రైతుకు గాని, తహసీల్దారుకు గాని తెలిసేదేమీ లేదు. "64.5 మిల్లీమీటర్ల వానకు ఒకటో రోజు సూచనను ఇన్ని కిలోమీటర్ల పరిధిలో నమ్మవచ్చు, మూడో రోజుకు ఇన్ని" అని రాస్తే, అది జిల్లాకు సరిపోతుందా, మండలానికి సరిపోతుందా వాళ్లే తేల్చుకుంటారు. మొదట్లో మీరు కాగితం మీద రాసుకున్న కిలోమీటర్లను ఆ పటం మీద నిలువు గీతగా వేయండి. ఏ డేటా, ఏ గ్రిడ్, ఏ గంట నుంచి ఏ గంటకు, ఎన్ని రోజులు, ఈ నాలుగూ పటం కిందే ఉండాలి.

ఈ సీజన్‌లోనే మొదలుపెట్టాలనుకుంటే కోడ్ తర్వాత రాసుకోవచ్చు, సూచనలను మాత్రం నేటి నుంచే దాచండి. గడిచిపోయిన వానను ఎప్పుడైనా దింపుకోవచ్చు. మోడల్ రన్‌లు మాత్రం ఆయా కేంద్రాల సొంత డౌన్‌లోడ్ సర్వర్లలో కొద్ది రోజులే ఉంటాయి. 00 యూటీసీ రన్‌లో మొత్తం వర్షపాతం ఒక్కటే, మన ప్రాంతం మేరకే కత్తిరించి, మూడు రోజుల వరకు రోజూ దాచేలా ఒక చిన్న స్క్రిప్టును ఉదయం వేళకు పెట్టండి. నాలుగు నెలలకు కలిపినా పెద్ద ఫైలు కాదు.